హెడ్ గీయించే ముందు కొలత తీయండి

"బ్రో, హెడ్ ఒక రెండు ఎంఎం గీయిస్తే పికప్ ఎంత పెరుగుద్ది?"

ఈ కాలమ్‌కి వచ్చే మెయిల్స్‌లో టర్బో ప్రశ్నల తర్వాత ఎక్కువగా కనిపించే ప్రశ్న ఇదే. అడిగేవాళ్ల దగ్గర పాత జిప్సీ ఉంటుంది, లేదా నాన్న వాడి వదిలేసిన ఎస్టీమ్. చేతిలో రెండు మూడు నెలల జీతం, ఫోన్‌లో ఓ పాతిక వీడియోలు. ఆ వీడియోల్లో ఎవరో హెడ్ విప్పుతాడు, మిల్లింగ్ మెషీన్ మీద పెడతాడు, వెండిలా మెరిసే ముక్క బయటికి తీస్తాడు. తర్వాతి సీన్‌లో బండి అరుస్తూ పోతుంది. ఈ రెండు సీన్ల మధ్య జరిగిన అసలు పని మాత్రం వీడియోలో ఉండదు. ఈ వారం దాని గురించే మాట్లాడుకుందాం.

జవాబు ముందే చెప్పేస్తాను. హెడ్ గీయించినందుకు వచ్చే పవర్ మీరనుకున్నంత ఉండదు. హెడ్ పనిలో అసలైన లాభం గాలి దారిని బాగు చేయడంలో ఉంది. కంప్రెషన్ పెంచడం ఆ పనికి తోడు మాత్రమే. ఈ వరస తిరగేసినవాళ్ల ఇంజిన్లే షెడ్డులో పడుకుంటాయి.

లెక్క మొదలుపెడదాం

చేతికందే ఉదాహరణ తీసుకుందాం. సుజుకీ జీ13 కుటుంబం మనకు బాగా తెలిసిన ఇంజిన్. జిప్సీ, ఎస్టీమ్ రెండింట్లోనూ ఉన్నది ఈ కుటుంబమే. బోర్ 74 ఎంఎం, స్ట్రోక్ 75.5 ఎంఎం, నాలుగు సిలిండర్లు, మొత్తం 1298 సీసీ. టర్బో లేదు, సూపర్‌చార్జర్ లేదు. బయటి గాలి ఎంత నెడితే అంతే లోపలికి వస్తుంది. ఇలాంటిదాన్నే న్యాచురల్లీ ఆస్పిరేటెడ్ ఇంజిన్ అంటాం.

ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ ఊడ్చే ఘనపరిమాణం 324.7 సీసీ. పిస్టన్ పైకి వచ్చి ఆగినప్పుడు దాని నెత్తిన మిగిలే ఖాళీని క్లియరెన్స్ వాల్యూమ్ అంటారు. ఈ రెండూ కలిపి, ఆ ఖాళీతో భాగిస్తే వచ్చేదే కంప్రెషన్ రేషియో. రేషియో 9:1 అనుకుంటే ఖాళీ 40.6 సీసీ. దాన్ని 11:1 చేయాలంటే ఖాళీ 32.5 సీసీకి తగ్గాలి. అంటే ప్రతి సిలిండర్‌లో 8.1 సీసీ మాయం కావాలి. రెండు టీస్పూన్ల నీళ్లకు కూడా చాలదు. గొడవంతా ఆ కాస్త జాగా కోసమే.

మరి ఇంత చేస్తే వచ్చేదేంటి? ఇంజనీరింగ్ రెండో ఏడాది థర్మోడైనమిక్స్‌లో ఆటో సైకిల్ చదివే ఉంటారు. ఆదర్శ సామర్థ్యం 9:1 దగ్గర 58.5 శాతం, 11:1 దగ్గర 61.7 శాతం, 13:1 దగ్గర 64.2 శాతం. నిజమైన ఇంజిన్ ఆ అంకెల దరిదాపుల్లోకి రాదు. కానీ నిష్పత్తి చూసుకోవడానికి పనికొస్తాయి. 9 నుంచి 11కి వెళ్తే పెరుగుదల సుమారు 5.5 శాతం. 11 నుంచి 13కి మరో 4 శాతం. పైకి వెళ్లేకొద్దీ లాభం తగ్గుతుంది, ప్రమాదం పెరుగుతుంది.

ఇప్పుడు 16 వాల్వ్‌ల జిప్సీకి ఇచ్చిన 80 హార్స్‌పవర్‌కి దీన్ని వర్తింపజేయండి. అన్నీ సవ్యంగా కుదిరితే పెరిగేది నాలుగు హార్స్‌పవర్, కాస్త అటూఇటూ. హెడ్ దింపి, గ్యాస్కెట్ సెట్ కొని, మెషీనింగ్ చేయించి, మళ్లీ బిగించి, ట్యూనింగ్ చేయించిన బిల్లు ముందు పెట్టుకుని ఆ నాలుగుని చూడండి.

అదే బోర్, అదే స్ట్రోక్ ఉన్న ఇంజిన్‌ని సుజుకీ యూరప్‌లో స్విఫ్ట్ జీటీఐ పేరుతో అమ్మింది. రెండు క్యామ్‌లు, 16 వాల్వ్‌లు, 10:1 కంప్రెషన్. పవర్ 100 హార్స్‌పవర్‌కి చేరింది. కంప్రెషన్ తేడా ఒకటే అయితే రెండు మూడు హార్స్‌పవర్‌కి మించి రాదు. మిగతాది హెడ్ లోంచి పారిన గాలిది, ఆ గాలిని ఎక్కువ ఆర్‌పీఎం దాకా పారించిన క్యామ్‌లది, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్‌లది. కంపెనీ వాళ్లే చేసి చూపించిన పాఠం ఇది.

ఇంజిన్ ఎందుకు కొట్టుకుంటుంది

కంప్రెషన్ పెంచుకుంటూ పోకుండా ఆపేది నాకింగ్. మన మెకానిక్ "ఇంజిన్ కొట్టుకుంటోంది" అనే ఆ గలగల శబ్దమే. స్పార్క్ ప్లగ్ దగ్గర మొదలైన మంట చాంబర్ అంతా పాకే లోపు, మూలల్లో ఇంకా కాలకుండా మిగిలిన మిశ్రమం నలిగి, వేడెక్కి, తనంతట తానే ఒక్కసారిగా అంటుకుంటుంది. ఆ దెబ్బకి పిస్టన్ అంచులు తింటాయి, రింగుల మధ్య గట్లు విరుగుతాయి, హెడ్ గ్యాస్కెట్ పోతుంది.

ఈ గుట్టు విప్పినవాళ్లలో ముఖ్యుడు బ్రిటిష్ ఇంజనీర్ హ్యారీ రికార్డో. వంద ఏళ్ల కిందటే, ఇంజిన్ నడుస్తుండగా కంప్రెషన్ మార్చగలిగే ఈ35 అనే ప్రయోగశాల ఇంజిన్ కట్టించి, రకరకాల పెట్రోళ్లు పోసి పరీక్షించాడు. ఏ ఇంధనం ఎంత కంప్రెషన్ దాకా తట్టుకుంటుందో వరసగా కొలిచాడు. ఇప్పుడు బంకులో మనం చూసే ఆక్టేన్ అంకె ఆ దారిలో పుట్టుకొచ్చిన కొలతే.

మన దగ్గర పెట్రోలు చాలాకాలం 91 ఆక్టేన్. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20కి ప్రమాణం 95. ఇథనాల్ ఆక్టేన్ 108 దగ్గర ఉంటుంది. పైగా ఆవిరయ్యేటప్పుడు పెట్రోలు కన్నా రెండు రెట్లకు పైగా వేడి లాక్కుని గాలిని చల్లబరుస్తుంది. హై కంప్రెషన్ కోరుకునేవాళ్లకి ఈ రెండూ మంచివే. కానీ పాత బండి రబ్బరు సీళ్లకు, హోస్‌లకు ఇథనాల్ పడదు. మిశ్రమం పలచబడకుండా జెట్లు, ఇంజెక్షన్ సమయం సరిచూసుకోవాలి. ఇండియన్ ఆయిల్ 2020లో తెచ్చిన ఎక్స్‌పీ100 లాంటి 100 ఆక్టేన్ పెట్రోలూ ఉంది. అయితే అది అన్ని బంకుల్లో దొరకదు, ధర చూస్తే రోజూ పోయించాలనిపించదు.

అందుకే నా మాట ఒకటే: మీరు పోయించే మంచి పెట్రోలుకి కాదు, పోయించక తప్పని పెట్రోలుకి ఇంజిన్ కట్టండి. హైదరాబాద్‌లో 100 ఆక్టేన్‌కి ట్యూన్ చేసిన బండి వేసవి సెలవుల్లో ఊరికి వెళ్తుంది. బయట 44 డిగ్రీలు, లోపల నలుగురు మనుషులు, వెనక సామాన్లు, ముందు ఘాట్ రోడ్డు, ట్యాంకులో దారిలోని చిన్న బంకు పెట్రోలు. నాకింగ్‌కి కావాల్సిన సరంజామా అంతా ఇదే. ఇంజిన్ లోపలికి వెళ్లే గాలి వేడిగా ఉంటే, కంప్రెస్ అయ్యాక ఆ వేడి ఇంకా పెరుగుతుంది. చలిదేశంలో తీసిన వీడియోలో 12:1తో హాయిగా తిరిగే ఇంజిన్, మే నెల విజయవాడలో అంత హాయిగా తిరగదు.

గీసే పని ఎక్కడ ఆగాలి

ఇప్పుడు ఆ రెండు ఎంఎం ప్రశ్నకి వద్దాం. 8.1 సీసీ తగ్గాలన్నాం కదా. 74 ఎంఎం బోర్ వైశాల్యం 43 చదరపు సెంటీమీటర్లు. చాంబర్ మూతి బోర్ అంత వెడల్పున్నా 1.9 ఎంఎం గీయాలి. కానీ చాంబర్ మూతి బోర్ కన్నా చిన్నదే. అది బోర్‌లో ముప్పాతిక వంతు ఉంటే దాదాపు 2.5 ఎంఎం గీయాల్సి వస్తుంది. వంగిన హెడ్‌ని చదును చేయడానికి కంపెనీలు మామూలుగా ఒప్పుకునేది ఎంఎంలో పదో వంతుల్లో. రెండున్నర ఎంఎం అంటే హెడ్ అడుగు పలచబడుతుంది. అది అల్యూమినియం, దాని వెనకే వాటర్ జాకెట్. బోల్టులు బిగించినప్పుడు వంగుతుంది, గ్యాస్కెట్‌ని సమంగా నొక్కలేదు. వాల్వ్‌లు అంత మేరా పిస్టన్‌కి దగ్గరవుతాయి. క్యామ్ షాఫ్ట్ క్రాంక్‌కి దగ్గరై, బెల్ట్ ఒక పక్క వదులై, క్యామ్ టైమింగ్ వెనకబడుతుంది. దాన్ని సరిదిద్దాలంటే సర్దుబాటు చేసుకునే క్యామ్ పుల్లీ కావాలి.

కాబట్టి అనుభవం ఉన్నవాళ్లు ఆ 8 సీసీని ఒకే చోట కోయరు. కొంత పలచటి గ్యాస్కెట్ నుంచి, కొంత పిస్టన్ ఆకారం నుంచి, కొంత బ్లాక్ పైభాగం నుంచి, చివర్లో కొద్దిగా హెడ్ నుంచి తీస్తారు. తీసేటప్పుడు వాళ్ల కన్ను ఇంకో కొలత మీద ఉంటుంది. దాని పేరు స్క్విష్.

చాంబర్ చుట్టూ హెడ్‌లో చదునైన భాగాలు ఉంటాయి. పిస్టన్ పైకొచ్చినప్పుడు దాని అంచు ఆ చదును దగ్గరికి వచ్చి, మధ్యలో ఇరుక్కున్న మిశ్రమాన్ని ప్లగ్ వైపు చిమ్ముతుంది. తడి చేతులతో చప్పట్లు కొడితే నీళ్లు పక్కకు చిమ్మినట్టు. ఆ చిమ్ముడికి చాంబర్‌లో సుడి పుడుతుంది, మంట వేగంగా పాకుతుంది. మూలల్లో తనంతట తాను అంటుకోవడానికి మిశ్రమమూ మిగలదు, సమయమూ మిగలదు. సైడ్ వాల్వ్ ఇంజిన్ల కాలంలో రికార్డో టర్బులెంట్ హెడ్ చేసింది ఈ పనే. మామూలు స్టీల్ కనెక్టింగ్ రాడ్లున్న ఇంజిన్‌లో ఈ సందు ఒక ఎంఎం దరిదాపుల్లో ఉంటే బాగా పనిచేస్తుంది. మరీ తగ్గితే ఎక్కువ ఆర్‌పీఎంలో పిస్టన్ వెళ్లి హెడ్‌కి తగులుతుంది. రెండు ఎంఎంకి పోతే చిమ్ముడు నీరసిస్తుంది, ఆ సందులో మిశ్రమం మాత్రం ఉండిపోతుంది. మందం గ్యాస్కెట్ వేసి కంప్రెషన్ తగ్గించినా ఇంజిన్ కొట్టుకుంటూనే ఉండటానికి ఇది ఒక కారణం.

ఇక డోమ్ పిస్టన్ల సంగతి. నెత్తిన గుట్టలా ఉబ్బిన పిస్టన్ వేస్తే, హెడ్ ముట్టుకోకుండానే కంప్రెషన్ పెరుగుతుంది. కాగితం మీద బాగానే ఉంటుంది. అయితే ఆ గుట్ట మంట దారికి అడ్డం పడుతుంది. చాంబర్ బత్తాయి తొక్కలా పలచగా, వంకరగా తయారవుతుంది. మంట ఆ తొక్క చుట్టూ తిరిగి వెళ్లాలి, దారిలో వేడంతా గోడలకు పోగొట్టుకోవాలి. ఈ చిక్కుని అందంగా విప్పింది కాస్‌వర్త్ కంపెనీ కీత్ డక్‌వర్త్. 1967లో ఆయన గీసిన డీఎఫ్‌వీ ఇంజిన్‌లో సిలిండర్‌కి నాలుగు వాల్వ్‌లు, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వ్‌ల మధ్య కోణం 32 డిగ్రీలే. కోణం తక్కువ కాబట్టి చాంబర్ లోతు తగ్గింది. చదును పిస్టన్‌తోనే మంచి కంప్రెషన్ వచ్చింది. ఆ ఏడాది డచ్ గ్రాండ్ ప్రీలో లోటస్ 49కి బిగించి దింపితే, మొదటి రేసే జిమ్ క్లార్క్ గెలిచాడు. ఇప్పుడు మన కార్లలో మామూలైపోయిన నాలుగు వాల్వ్‌ల పెంకుటింటి కప్పు లాంటి చాంబర్‌లో ఆ ఆలోచన కనిపిస్తుంది.

కాలువ, తూము

హెడ్‌లో రెండో పని పోర్టింగ్. ఇక్కడ జరిగే నష్టం కంప్రెషన్ దగ్గర జరిగేదానికన్నా ఎక్కువ. ఎందుకంటే చేతిలో గ్రైండర్ ఉంటే ఎవరైనా చేసేయొచ్చనిపిస్తుంది.

6,000 ఆర్‌పీఎం దగ్గర ఒక ఇన్‌టేక్ స్ట్రోక్‌కి పట్టే సమయం 5 మిల్లీసెకన్లు. మేం ఆఫీసులో వెబ్‌పేజీ 200 మిల్లీసెకన్లలో తెరుచుకుంటే సంబరపడతాం. ఆ 5 మిల్లీసెకన్లలోనే గాలి కదిలి, వంపు తిరిగి, వాల్వ్ పక్కనుంచి దూరి, సిలిండర్ నిండాలి. అడ్డం ఎక్కడుందో తెలియకుండా పోర్టు మొత్తం పెద్దది చేయడం అంటే, డేటాబేస్ మొరాయిస్తుంటే సర్వర్లు కొంటూ పోవడమే.

పొలం ఉన్నవాళ్లకి ఇది చిటికెలో అర్థమవుతుంది. కాలువ ఎంత వెడల్పు తవ్వినా, తూము ఎంత వదిలితే అంతే నీరు. వెడల్పు ఎక్కువైతే నీటి వడి పోతుంది, ఒండ్రు మేట వేస్తుంది. ఇంజిన్‌లో పోర్టు కాలువ, వాల్వ్ తూము. వడి తగ్గిన గాలిలో పెట్రోలు తుంపర్లు గోడలకు అంటుకుంటాయి. అంతేకాదు, గాలికి బరువుంది. వడిగా వచ్చే గాలి, పిస్టన్ కిందికి వెళ్లి మళ్లీ పైకి మొదలెట్టాక కూడా తన ఊపుతో లోపలికి దూరుతూనే ఉంటుంది. న్యాచురల్లీ ఆస్పిరేటెడ్ ఇంజిన్‌కి ఉన్న ఉచిత టర్బో ఆ ఊపే. పోర్టు పెద్దది చేసి ఆ వడిని చంపేస్తే 3,000 ఆర్‌పీఎం కింద బండి నీరసంగా ఈడుస్తుంది. సిటీలో మనం తిరిగేది ఎక్కువగా అక్కడే.

మరి గాలి ఎక్కడ ఆగుతోంది? చాలా హెడ్లలో వాల్వ్ సీటుకి అటూఇటూ ఒక సెంటీమీటర్ లోపలే. సీటు రింగు కింద ఫ్యాక్టరీ వదిలేసిన అంచు ఉంటుంది, దాన్ని గోడతో నున్నగా కలపాలి. పోర్టు అడుగున గాలి మలుపు తిరిగే చిన్న వంపు ఉంటుంది. అక్కడ లోహం ఎక్కువ తీసేస్తే మలుపు మొనదేలి, గాలి గోడని వదిలేసి సుడి తిరుగుతుంది. అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చేది సీటు కటింగ్. వాల్వ్ ఆనే 45 డిగ్రీల పట్టీకి పైన 30, కింద 60 డిగ్రీల కోతలు ఇస్తే గాలి మెట్లు దిగినట్టు కాకుండా జారినట్టు వెళ్తుంది. పట్టీ వెడల్పు ఇన్‌టేక్‌కి ఒక ఎంఎం పైచిలుకు, ఎగ్జాస్ట్‌కి ఇంకాస్త ఎక్కువ. ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిని సీటు ద్వారానే ఎక్కువగా వదిలించుకుంటుంది. పట్టీని మరీ సన్నం చేస్తే వాల్వ్ కాలిపోతుంది.

వాల్వ్ ఎంత లేవాలి అన్నదానికీ ఒక సులువు లెక్కుంది. వాల్వ్ వ్యాసంలో నాలుగో వంతు లేచేసరికి, చుట్టూ తెరుచుకున్న సందు వైశాల్యం వాల్వ్ వైశాల్యంతో సమానమవుతుంది. 30 ఎంఎం వాల్వ్‌కి అది 7.5 ఎంఎం. దాని పైన ఇరుకు పోర్టుదే. దాని కింద ఇరుకు సీటుదే. తెరుచుకునేటప్పుడూ మూసుకునేటప్పుడూ ప్రతి వాల్వ్ ఆ కింది దశ దాటే వెళ్లాలి కాబట్టి, సీటు పని ఎప్పుడూ వృథా పోదు.

అద్దంలా పాలిష్ చేసిన ఇన్‌టేక్ పోర్టు ఫొటోలో బాగుంటుంది. కార్బురేటర్ లేదా పోర్ట్ ఇంజెక్షన్ ఉన్న ఇంజిన్‌లో కాస్త గరుకు గోడే మేలు, పెట్రోలు తడి గోడకి పట్టి జారకుండా చెదురుతుంది. పాలిష్ మోజు ఉంటే చాంబర్‌లో, ఎగ్జాస్ట్‌లో తీర్చుకోండి, మసి తక్కువ పడుతుంది. చాంబర్‌లో మొనదేలిన అంచులన్నీ గుండ్రం చేయండి. ప్లగ్ మరలు లోపలికి పొడుచుకొచ్చి ఉంటే అవే ఎర్రగా కాలి, స్పార్క్ కన్నా ముందే నిప్పు అంటిస్తాయి.

క్యామ్‌తో పెళ్లి కుదర్చాలి

హై కంప్రెషన్ ఎందుకు కావాలో అసలు కారణం ఇక్కడ బయటపడుతుంది. ఎక్కువ ఆర్‌పీఎంలో గాలి నిండాలంటే ఇన్‌టేక్ వాల్వ్‌ని ఆలస్యంగా మూసే క్యామ్ వేయాలి. పిస్టన్ పైకి రావడం మొదలెట్టాక కూడా వాల్వ్ తెరిచే ఉంటుంది. కింది ఆర్‌పీఎంలో గాలికి ఊపు ఉండదు కాబట్టి, లోపలికి వచ్చిన మిశ్రమంలో కొంత వెనక్కి పోతుంది. అంటే నిజమైన కంప్రెషన్ వాల్వ్ మూసుకున్న తర్వాతే మొదలవుతుంది.

మన జీ13 కొలతలకే, మామూలు కనెక్టింగ్ రాడ్ పొడవు పెట్టుకుని లెక్కేశాను. స్టాక్ లాంటి క్యామ్‌తో వాల్వ్ పిస్టన్ అడుగుకి వెళ్లిన 40 డిగ్రీల తర్వాత మూసుకుంటే, 9:1 ఇంజిన్‌లో అసలు కంప్రెషన్ సుమారు 8.3. రేసు క్యామ్ వేసి 70 డిగ్రీల తర్వాత మూస్తే, 11:1 ఇంజిన్‌లో అసలు కంప్రెషన్ సుమారు 8.4. రెండూ దాదాపు ఒకటే! క్యామ్ తీసేసుకున్నదాన్ని తిరిగి నింపడానికే కంప్రెషన్ పెంచుతారు.

ఇది అర్థమైతే రెండు పొరపాట్లు తప్పుతాయి. స్టాక్ క్యామ్ ఉంచి హెడ్ మాత్రం గీయిస్తే ఇంజిన్ కొట్టుకుంటుంది. స్టాక్ కంప్రెషన్ ఉంచి పెద్ద క్యామ్ వేస్తే సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. హెడ్, క్యామ్, ఇగ్నిషన్ మూడూ కలిసి మారాలి. కంప్రెషన్ పెరిగితే మంట వేగంగా కాలుతుంది, స్పార్క్‌కి మునుపటంత ముందస్తు అక్కర్లేదు. ఆ మార్పు చేయకపోతే నాకింగ్‌ని పిలిచి కూర్చోబెట్టినట్టే.

కంపెనీలు 14:1 దాకా ఎలా వెళ్తున్నాయి అని అడుగుతారు. మాజ్డా 2011లో తెచ్చిన స్కైయాక్టివ్-జీ ఇంజిన్ అంత కంప్రెషన్‌తో బంకు పెట్రోలు మీదే నడుస్తుంది. కాకపోతే అక్కడ హెడ్ ఒక్కటే మారలేదు. పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి చిమ్మి లోపలి గాలిని చల్లబరుస్తారు. పిస్టన్ నడినెత్తిన గుంట పెట్టి మంట మొలకకి చోటిచ్చారు. పొడవైన 4-2-1 ఎగ్జాస్ట్ పెట్టి, కాలిన వేడి వాయువు మళ్లీ సిలిండర్‌లోకి చొరబడకుండా చూశారు. అవేవీ లేకుండా ఆ అంకెని మాత్రం కాపీ కొట్టలేం.

బ్యూరెట్, క్లే, ఓపిక

ఆటోనగర్‌లో హెడ్ పని చేసే ఒకాయన దగ్గర కొన్ని శనివారాలు కూర్చున్నాను. అరవై దాటిన మనిషి. కుర్రాళ్లు వచ్చి "అన్నా, కాస్త గీసెయ్" అంటే ఆయన ముందు అడిగేది చాంబర్ ఎన్ని సీసీ అని. చాలామంది దగ్గర జవాబుండదు. గీసేది గంట పని, కొలిచేది రోజు పని అన్నది ఆయన లెక్క. కొలిచే పనికి డబ్బులడిగితే మాత్రం జనం మొహం చిట్లిస్తారట.

కొలిచే పద్ధతి ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో టైట్రేషన్ చేసిన ఎవరికైనా వస్తుంది. వాల్వ్‌లు, ప్లగ్ బిగించి హెడ్‌ని తలకిందులుగా పెట్టండి. చాంబర్ మూతికి సన్నగా గ్రీజు రాసి, చిన్న కన్నం ఉన్న అక్రిలిక్ పలక అతికించండి. బ్యూరెట్‌లోంచి రంగు కలిపిన స్పిరిట్ గాలి బుడగ లేకుండా నింపండి. ఎన్ని సీసీ పట్టిందో రాసుకోండి. నాలుగు చాంబర్లకీ ఇదే పని. దానికి గ్యాస్కెట్ ఖాళీ కలపాలి. 75 ఎంఎం రంధ్రం, 1.2 ఎంఎం మందం ఉంటే అదొక్కటే 5.3 సీసీ. పిస్టన్ పైన మిగిలే సందు, పిస్టన్ నెత్తిన గుంటలూ కలపాలి. చాలామంది నెట్ లెక్కల్లో తప్పిపోయేవి ఇవే.

నాలుగింటినీ ఎందుకు కొలవాలంటారా? 32.5 సీసీ దగ్గర ఒక్క సీసీ తేడా ఉంటే ఆ సిలిండర్‌లో కంప్రెషన్ 11 కాదు, 11.3. ఇగ్నిషన్ మాత్రం నాలుగింటికీ ఒకటే. ముందుగా కొట్టుకునేది ఆ ఒక్క సిలిండరే. మిగతా మూడూ దాని కోసం తగ్గి నడవాలి, లేదా దాన్ని బలి ఇవ్వాలి. అందుకే చిన్న చాంబర్లని జాగ్రత్తగా తొలిచి, పెద్దదానితో సమానం చేస్తారు.

తర్వాత పిల్లలు ఆడుకునే క్లే. పిస్టన్ మీద కొంచెం పెట్టి, హెడ్ బిగించి, ఇంజిన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి, మళ్లీ విప్పి, వాల్వ్ నొక్కిన చోట క్లే మందం కొలవాలి. ఇన్‌టేక్ దగ్గర 2 ఎంఎం, ఎగ్జాస్ట్ దగ్గర 2.5 ఎంఎం మిగిలితే నిశ్చింత. పది రూపాయల క్లేతో తేలే సంగతిని వంగిన వాల్వ్‌లతో తెలుసుకోవాల్సిన పనిలేదు.

మా వృత్తిలో ఒక సుఖం ఉంది. కోడ్ పాడైతే నిన్నటి వెర్షన్‌కి వెళ్లిపోవచ్చు. అల్యూమినియంకి ఆ సదుపాయం లేదు. వెల్డింగ్‌తో లోహం తిరిగి పెట్టొచ్చుగా అంటారు. పెట్టొచ్చు, కానీ ఆ వేడికి హెడ్ వంగితే అదో కొత్త కథ.

డబ్బు ఏ వరసలో పెట్టాలి

రోడ్డు మీద తిరిగే బండి, నాక్ సెన్సర్ లేని పాత నాలుగు వాల్వ్‌ల హెడ్, బంకు పెట్రోలు అయితే నేను 10 లేదా 10.5 దగ్గర ఆగమంటాను. 11, 12 అనేవి ట్రాక్ బండికి, ఈసీయూ మ్యాప్ సొంతంగా రాయించుకునేవాళ్లకి, పెట్రోలు మార్చరనే నమ్మకం ఉన్నవాళ్లకి.

వరస ఇదీ. మొదట కంప్రెషన్ టెస్ట్, లీక్ టెస్ట్ చేయించండి. అరిగిన రింగుల ఇంజిన్ మీద హెడ్ పని చేయించడం కారుతున్న కప్పుకి సున్నం కొట్టించడమే. రెండోది సీటు కటింగ్, సీటు కింద కొద్దిపాటి సాపు. మూడోది ఎగ్జాస్ట్. నాలుగోది క్యామ్. ఆ క్యామ్ ఎంత అడిగితే అంత కంప్రెషన్, అప్పుడు. ఆఖర్న డైనో మీద ఇగ్నిషన్, ఇంధనం. చాలామందికి రెండో మెట్టు దగ్గరే బండి నచ్చేస్తుంది, మిగతా డబ్బు మిగులుతుంది.

ఇంకో మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్స్ వాళ్లు అడిగే ప్రశ్నలకు మీ దగ్గర జవాబు ఉండాలి. వేగం మీద నిజంగా ప్రేముంటే ఆ ఇంజిన్‌ని ట్రాక్‌కి తీసుకెళ్లండి. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో, కోయంబత్తూరులో ట్రాకులున్నాయి. అక్కడ మీ హెడ్ పని ఎంత బాగుందో స్టాప్‌వాచ్ చెబుతుంది, రోడ్డు మీద వెళ్లే వేరేవాళ్ల పిల్లలకు దాంతో సంబంధం ఉండదు.

కాబట్టి ఈసారి మెయిల్ రాసేటప్పుడు ఎన్ని ఎంఎం గీయించాలి అని అడగకండి. మీ నాలుగు చాంబర్లు ఎన్ని సీసీ ఉన్నాయో, క్యామ్ ఏదో, ఏ పెట్రోలు పోయిస్తారో రాయండి. లెక్క కలిసి వేసుకుందాం.

వచ్చే వారం: ఈ20 పెట్రోలు, పాత కార్బురేటర్ బండ్లు. ఏ రబ్బరు ముందు పోతుంది, ఏ జెట్ మార్చాలి?